పదేళ్ల గీతను టెక్సాస్ చెరిపింది 2003లోనే

అమెరికాలో నియోజకవర్గాల గీతల గొడవ మళ్లీ రాజుకుంది. 2025 ఆగస్టులో టెక్సాస్ రిపబ్లికన్లు మరో అయిదు సీట్ల కోసం కాంగ్రెస్ మ్యాపు మార్చారు. నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు డెమొక్రాట్లకు కలిసొచ్చే మ్యాపుకు ఓకే చెప్పి బదులు తీర్చుకున్నారు. మిస్సోరీ, నార్త్ కరోలినా కూడా మార్చేశాయి. జనగణన తర్వాత పదేళ్లకోసారి జరిగే పనిని మధ్యలో చేసే ధైర్యం ఎలా వచ్చిందో తెలియాలంటే 2003 నాటి టెక్సాస్‌కు వెళ్లాలి.

అప్పటి మ్యాపు ఫెడరల్ కోర్టు గీసింది. రాష్ట్ర చట్టసభ రాజీకి రాలేకపోవడమే కారణం. 2002లో ఆ గీతల మీదే డెమొక్రాట్లు 32 సీట్లలో 17 గెలిచారు. చట్టసభ మాత్రం రిపబ్లికన్ల చేతికొచ్చింది. జనం మొగ్గు తమవైపుంటే సీట్లు అటెందుకు పోవాలన్నది వాళ్ల వాదన. వాషింగ్టన్ నుంచి ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నేత, టెక్సాస్‌కే చెందిన టామ్ డిలే పట్టుబట్టారు.

2003 మేలో రాష్ట్ర చట్టసభలోని 50 మందికి పైగా డెమొక్రాట్ సభ్యులు సరిహద్దు దాటి ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌లో ఒక హోటల్లో దిగారు. కోరం లేక మ్యాపు మార్చే బిల్లు ఆగింది. రాష్ట్ర పోలీసులు వెతుకులాటకు దిగారు. మాజీ స్పీకర్ పీట్ లేనీ విమానం ఎక్కడుందని డిలే ఆఫీసు ఏకంగా ఫెడరల్ విమానయాన సంస్థను ఆరా తీసింది! 2004లో ప్రతినిధుల సభ నైతిక కమిటీ ఇందుకు డిలేను మందలించింది. ఈలోగా పని మాత్రం అయిపోయింది. న్యూమెక్సికో వెళ్లి కూర్చున్న 11 మంది డెమొక్రాట్ రాష్ట్ర సెనేటర్లలో ఒకరు వెనక్కి రావడంతో మ్యాపు పాసైంది. తర్వాతి ఎన్నికల్లో రిపబ్లికన్ల సీట్లు 15 నుంచి 21కి పెరిగాయి.

అదే ఏడాది కొలరాడో రిపబ్లికన్లూ ఇదే పని చేస్తే, జనగణనకు ఒక్కసారే గీయాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. దానికి ఆధారం ఆ రాష్ట్ర రాజ్యాంగం. టెక్సాస్ కేసు దేశ సుప్రీంకోర్టుకు వెళ్లింది. లాటినో ఓటర్ల బలం తగ్గించారని 23వ నియోజకవర్గాన్ని 2006లో కోర్టు తప్పుబట్టింది కానీ, మధ్యలో మ్యాపు మార్చకూడదని దేశ రాజ్యాంగంలో ఎక్కడా లేదని తేల్చేసింది.

అంటే ఆపాల్సింది రాష్ట్ర రాజ్యాంగాలు, లేదంటే కాంగ్రెస్. పదేళ్లకు ఒక్కసారే అంటూ టెన్నెసీ డెమొక్రాట్ జాన్ టానర్ తెచ్చిన బిల్లులు ముందుకు కదల్లేదు. 2025లో ఆ మాటే ఎత్తుకున్నది కాలిఫోర్నియా రిపబ్లికన్ కెవిన్ కైలీ, అదీ తన సీటుకే ఎసరొస్తోందని తెలిశాక. 2030 జనగణన లోపు గీసే కొత్త మ్యాపులన్నీ చెల్లవన్నది ఆయన బిల్లు. అందులో టెక్సాస్‌దీ ఉంది.