చిహాయాఫురు చూసి కరుతా గురించి అనుకునేవి, అసలు ఆటలో ఉండేవి

చిహాయాఫురు చూసినవాళ్లు నన్ను ముందు అడిగేది "ఈ ఆట నిజంగా ఉందా, కథ కోసం కల్పించారా?" అని. ఉంది. కరుతా అంటే, ఒకరు పద్యం చదువుతుంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆ పద్యం కార్డును ఎవరు ముందు చేత్తో కొడతారా అని పోటీపడే జపాన్ ఆట. యూకి సుఎత్సుగు 2007లో మాంగాగా (బొమ్మల కథగా) మొదలుపెట్టిన చిహాయాఫురు 2011లో అనిమేగా (యానిమేషన్ సీరియల్‌గా) వచ్చాక చాలామంది పిల్లలు కరుతా క్లబ్బుల్లో చేరారు. నేను జపాన్‌లో ఉంటూ ఈ ఆట ఆడుతున్నాను కాబట్టి, తరచూ వినే మాటలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది వెయ్యేళ్ల నాటి ఆట.

వాస్తవం: పాతవి పద్యాలు. వందమంది కవులవి తలా ఒకటి తీసుకుని 13వ శతాబ్దంలో ఫుజివారా నో తెయికా కూర్చిన సంకలనమే హ్యాకునిన్ ఇష్షు. దాన్ని పోటీగా ఆడే నియమాలను ఒక దారికి తెచ్చింది మాత్రం కురొఇవా రుయికో అనే పత్రికాధిపతి, 1904లో.

అపోహ: వంద పద్యాలూ కంఠతా వస్తే గెలిచినట్టే.

వాస్తవం: అది వచ్చాకే అసలు ఆట మొదలవుతుంది. వంద కార్డుల్లో 50 మాత్రమే నేల మీద పరుస్తారు. మనిషికి 25, మూడు వరుసల్లో, 87 సెంటీమీటర్ల వెడల్పులో. ఏది ఎక్కడుందో మనసులో పెట్టుకోవడానికి 15 నిమిషాలు ఇస్తారు. చదివేవాళ్ల దగ్గర మాత్రం వంద పద్యాలూ ఉంటాయి, అంటే సగం పద్యాలకు చెయ్యి కదపకుండా కూర్చోవాలి, ఇది ఎంత కష్టమో ఆడితే గానీ తెలియదు. పైగా నేల మీది కార్డులో పద్యం మొత్తం ఉండదు, చివరి రెండు పాదాలే ఉంటాయి. అనిమేకి పేరిచ్చిన 'చిహయబురు' పద్యం కార్డు మీద ఆ మాటే కనిపించదు. నీళ్లకు ఎర్రటి రంగు అద్దినట్టుందనే చివరి భాగం మాత్రమే హిరగానా అనే జపాన్ లిపిలో ఉంటుంది.

'ఉప్పుకప్పురంబు' అనగానే మనకు మిగతా పద్యం ఎలా వచ్చేస్తుందో, ఇక్కడా అంతే, కానీ అంతసేపు కూడా ఆగరు. ఏ పద్యమో తేల్చేసే మొదటి అక్షరాలను కిమరిజి అంటారు. 'చి'తో మొదలయ్యే పద్యాలు మూడున్నాయి: ఒకటి 'చిహ', మిగతా రెండూ 'చిగిరి' దాకా ఒకటే, ఆ తర్వాత 'కి' వస్తే ఒకటి, 'ఒ' వస్తే ఇంకొకటి. ఆ రెండు 'చిగిరి'లూ చదివేశారనుకోండి, ఇక 'చి' వినబడితే చాలు, చెయ్యి వెళ్లిపోవాలి. ఇలా ప్రతి పద్యంతోనూ లెక్క మారుతూ ఉంటుంది. దానికితోడు ఎదుటివాళ్ల వైపు కార్డు కొడితే మన కార్డు ఒకటి వాళ్లకు పంపాలి, కాబట్టి చోట్లూ మారతాయి. టోర్నమెంట్‌లో పొద్దున కుడి మూలన పెట్టుకున్న కార్డు మధ్యాహ్నం ఎదుటివాళ్ల దగ్గర ఉంటుంది, చెయ్యేమో పాత చోటికే పోతుంది. నా దృష్టిలో గుర్తుపెట్టుకోవడం కన్నా మరిచిపోవడమే ఈ ఆటలో పెద్ద విద్య.

అపోహ: కథానాయిక చిహాయాలాగా పుట్టుకతోనే చురుకైన చెవులుండాలి.

వాస్తవం: చెవి చురుగ్గా ఉంటే లాభమే, కాదనను. అక్షరం పూర్తిగా పలకకముందే 'స్' అనే గాలి చప్పుడు పట్టుకునేవాళ్లున్నారు. అయితే అందులో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి విన్న సాధన. ఎంత బాగా విన్నా, కార్డు ఎక్కడుందో తెలియకపోతే ప్రయోజనం లేదు.

అపోహ: కార్డులు అలా గాల్లో ఎగరడం అతిశయోక్తి.

వాస్తవం: నిజంగానే ఎగురుతాయి. చదివిన కార్డు ఉన్న వైపు పక్క కార్డులు తగిలినా తప్పు కాదు, అందుకే వరుసకు వరుస ఊడ్చేస్తారు. అసలు కార్డు లేని వైపు ముట్టుకుంటేనే తప్పు, దానికి ఎదుటివాళ్ల నుంచి ఒక కార్డు వచ్చి మీద పడుతుంది. వేళ్లు బెణకడం మామూలే, గోళ్లు కత్తిరించుకుని రావాలి.

అపోహ: కిమోనో ఉండాల్సిందే.

వాస్తవం: మామూలు టోర్నమెంట్లలో ఎక్కువమంది టీషర్టుల్లోనే ఆడతారు. జనవరిలో ఓత్సులోని ఓమీ జింగూ గుడిలో జరిగే మెయిజిన్ (పురుషుల), క్వీన్ (మహిళల) టైటిల్ పోటీల్లాంటి చోట సంప్రదాయ దుస్తులు వేసుకుంటారు.

అపోహ: ఎవరు ముందు ముట్టారో అంపైర్ చెప్తాడు.

వాస్తవం: చాలా మ్యాచుల్లో అంపైరే ఉండడు. ఇద్దరి చేతులూ ఒకేసారి పడితే ఆడేవాళ్లే మాట్లాడుకుని తేల్చుకోవాలి, నీదే ముందు అని ఒప్పుకుని కార్డు ఇచ్చేయాలి. అనిమేలో ఇది వేగంగా దాటిపోతుంది గానీ, కొత్తవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. గట్టిగా వాదించేవాళ్లూ ఉంటారు, చూసింది చూసినట్టు చెప్పడం వాళ్ల ముందే నేర్చుకోవాలి.

అపోహ: జపనీస్ బాగా రాకపోతే ఆడలేం.

వాస్తవం: హిరగానా చదవడం వస్తే మొదలుపెట్టొచ్చు. ఆ పద్యాల భాష చాలా పాతది, జపాన్ పిల్లలకే సగం అర్థం కాదు. అనిమేలో చిహాయా క్లబ్బులో ఆడే కనాదె అర్థం తెలుసుకోమని పట్టుబడుతుంది, నేనూ ఆమె పక్షమే, కానీ అది తర్వాత చేసినా ఫర్వాలేదు. ముందు ఒక్క అక్షరంతోనే తేలిపోయే ఏడు పద్యాలు నేర్చుకోండి: ము, సు, మే, ఫు, స, హో, సే. వరసగా 'ముసుమేఫుసహోసే' అని అనుకుంటూ, చివరి పాదాలు రాసున్న ఆ ఏడు కార్డులు ఎదురుగా పెట్టుకుని కొట్టడం అలవాటు చేసుకోండి. రెండక్షరాలవి 42 ఉన్నాయి, అవి ఆ తర్వాత.