ఒక్కడి ఆల్బమ్‌లో నలుగురు

గుణుపురం

పిల్లలకు తాత దీవెనలు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు చిన్నది అడిగింది గుర్తుందా? "తాతా, సోలో అంటే ఒక్కడే కదా, మరి ఆ రాక్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ మొదటి సోలో ఆల్బమ్‌లో అంతమంది పేర్లెందుకు?" అని. అంతలో మీ బస్సు టైమయిపోయింది. ఇప్పుడు రాస్తున్నాను.

బుర్రకథ చూశారు కదా. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. నా చిన్నప్పుడు నౌపడా నుంచి చిన్నరైల్లో ఒక దళం దిగింది. (ఆ బుల్లి పట్టాల రైలు సంగతి మొదలెడితే ఉత్తరం చాలదు.) ఆ ఏడు కథకుడికి పాత వంతలతో చెడింది. మా వీధి భజనలో డోలక్ కొట్టే కుర్రాణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టాడు. వాడు 'తందానతాన' కూడా ఆలస్యంగా అందుకునేవాడు. కానీ దరువు కొత్తది. దానికి తగ్గట్టు పెద్దాయన అడుగు మార్చాడు, గొంతు మార్చాడు. ఎన్నిసార్లో విన్న కథ, ఆ రాత్రి మాత్రం ఎవరూ నిద్రకని లేచి వెళ్లలేదు.

ఓజీదీ అదే. తాగుడు, మత్తుమందులు ముదిరాయని 1979లో ఆయన పాడే రాక్ బృందం బ్లాక్ సబ్బాత్ వాళ్లు ఆయన్ని పంపేశారు. లాస్ ఏంజెలెస్‌లో హోటల్ గది తలుపులేసుకుని ఇంకా తాగాడు. (అది మాత్రం నేర్చుకోకండి.) అప్పుడు దొరికాడు రాండీ రోడ్స్, తల్లి నడిపే సంగీతం బడిలో గిటార్ పాఠాలు చెప్పే కుర్రాడు. ఓజీ కూనిరాగం తీస్తే రాండీ దానికి గిటార్ కట్టేవాడు. మాటలు చాలావరకు బేస్ వాయించే బాబ్ డేజ్లీవి. డ్రమ్స్ లీ కెర్స్‌లేక్. 1980లో 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్' వచ్చింది. అట్ట మీద బొమ్మ ఓజీది.

వంతలు కథ రాయరు కదా అంటారేమో. నిజమే, నా పోలిక ఇక్కడ కుంటింది. అయినా వదలను. ఆ రాత్రి శాలువా కథకుడికే కప్పారు. డోలక్ కుర్రాడు అరుగు మీద బొరుగులు తింటూ నాకూ గుప్పెడు పెట్టాడు. బాబ్‌కూ లీకీ అంతకన్నా అన్యాయం జరిగింది. డబ్బు తగాదాలొచ్చి, 2002లో ఆల్బమ్ మళ్లీ వేసినప్పుడు వాళ్లు వాయించింది తీసేసి వేరేవాళ్లతో వాయించారు. 2011లో గానీ పాతది తిరిగి రాలేదు. పక్కవాడి దరువు చెరిపేసే పని మీరెప్పుడూ చేయకండర్రా.

రాండీ 1982లో విమాన ప్రమాదంలో పోయాడు, ఇరవై అయిదేళ్లకే. ఆ ఆల్బమ్‌లో నాలుగోది వినండి. నిమిషం కూడా ఉండదు. వాళ్లమ్మ కోసం కట్టింది. అందులో రాండీ గిటారే ఉంటుంది, ఓజీ ఒక్క అక్షరం పాడడు.

మీ తాత