మంచం మీద నుంచి పడ్డాడంటే నమ్మేద్దామా?

"మంచం మీద నుంచి పడ్డాడండీ." "ఉయ్యాల్లోంచి జారిపోయింది." "వాళ్ల అన్న ఆడుకుంటూ తోసేశాడు." విజయవాడలో గానీ గుంటూరులో గానీ పిల్లల డాక్టర్లను అడిగితే రోజూ వినే మాటలివేనంటారు. వీటిలో ఎక్కువ భాగం నిజాలే. పిల్లలు పడతారు, బొప్పి కట్టించుకుంటారు, మోకాళ్లు గీరుకుంటారు. కానీ ఇంకా బోర్లా పడటం కూడా రాని పాప చెవి కమిలి ఉంటే? పాకడం రాని పిల్లాడి తొడ ఎముక విరిగి ఉంటే? అప్పుడు కూడా అదే మాట విని, మందు రాసి పంపించేయాలా?

పసిపిల్లల మీద హింస కేసుల్లో ముడి అంతా ఇక్కడే ఉంది. మూడేళ్లలోపు బిడ్డ స్టేషన్‌కు వచ్చి చెప్పలేడు. చూసినవాళ్లు ఎవరంటే కొట్టినవాళ్లే, లేదా వాళ్ల మీద ఆధారపడి బతికేవాళ్లు. ఇక మిగిలిన సాక్షి ఒంటి మీద గాయం ఒక్కటే. ఆ గాయాన్ని చదవడం డాక్టరుకు, ఎస్సైకి, శిశు సంక్షేమ కమిటీకి, కోర్టులో వాదించే ప్రాసిక్యూటర్‌కు ఎవరో నేర్పాలి. దానంతటది వచ్చే విద్య కాదు. నూట అరవై ఏళ్లుగా ఈ విద్య ఎలా పోగుపడిందో, మన దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ ఆగిందో చూద్దాం.

మొదట రాసి పెట్టినవాడు ఫ్రాన్స్‌లో కోర్టు కేసులకు శవపరీక్షలు చేసే డాక్టర్ ఆంబ్రోయిజ్ టార్డియూ. 1860లో ఆయన 32 మంది పిల్లల కేసులు ప్రచురించాడు. వాళ్లలో 18 మంది చనిపోయారు. కొట్టింది ఎక్కువగా తల్లిదండ్రులేనని సూటిగా రాశాడు. ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి మలుపు ఎక్స్‌రేతో వచ్చింది. 1946లో అమెరికాలో పిల్లల రేడియాలజిస్ట్ జాన్ క్యాఫీ ఆరుగురు శిశువుల గురించి రాశాడు. మెదడు పైపొర కింద నెత్తురు గడ్డ కట్టి ఉంది. ఆ ఆరుగురికీ కలిపి కాళ్లూ చేతుల పొడుగు ఎముకల్లో 23 విరుగుళ్లు కనిపించాయి. ఎముకల జబ్బేమీ లేదు. దెబ్బ తగిలిందని ఇంట్లోవాళ్లెవరూ చెప్పలేదు. ఎవరో కొట్టి ఉంటారన్న అనుమానాన్ని ఆయన కూడా బాహాటంగా రాయలేకపోయాడు. మన గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైంది కూడా అదే 1946లో. అంటే ఈ కాలేజీ వయసూ ఈ శాస్త్రం వయసూ ఒకటే. ఈ సంగతి నాకెప్పుడూ గుర్తొస్తూనే ఉంటుంది.

క్యాఫీ రాయలేకపోయిన మాటను 1962లో హెన్రీ కెంప్ బృందం రాసింది. ఆ బృందంలో పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడు, రేడియాలజిస్టు కలిసి పనిచేశారు. అమెరికాలో 71 ఆస్పత్రుల నుంచి ఒక్క ఏడాది లెక్క తీస్తే 302 కేసులు వచ్చాయి. 33 మంది పిల్లలు చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ‘బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్’ అన్న పేరు అక్కడే పుట్టింది. అయిదేళ్లు తిరిగేసరికి, 1967 నాటికి, ఇలాంటి గాయం చూసిన డాక్టరు ప్రభుత్వానికి చెప్పి తీరాలని అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి.

ఆ తర్వాత పరిశోధన బాగా లోతుకు వెళ్లింది. శిక్షణలో చెప్పాల్సిన అసలు సరుకు ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నడక రాని పిల్లలకు ఒళ్లు కమలడం చాలా అరుదు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు నెలల్లోపు పిల్లలు 366 మందిని చూస్తే కమిలిన మచ్చ ఉన్నది ఇద్దరికే. పడిపోయిన పిల్లలకు దెబ్బలు ఎముక ముందుకు పొడుచుకొచ్చిన చోట్ల తగులుతాయి: నుదురు, మోచేయి, మోకాలు, మోకాటి కింద ముందు భాగం. చెవి, మెడ, పొట్ట, వీపు, పిర్రలు అంత తేలిగ్గా కమలవు. అందుకే నాలుగేళ్లలోపు పిల్లలకు మొండెం, చెవి, మెడ మీద కమిలిన మచ్చ ఉన్నా, నాలుగు నెలల్లోపు బిడ్డకు ఒంటి మీద ఎక్కడ మచ్చ ఉన్నా ఆగి ఆలోచించాలని 2010లో ఒక సూత్రం వచ్చింది. రెండు సమాంతర గీతలు, మధ్యలో తెల్లటి చార ఉంటే బెల్టో కర్రో తగిలినట్టు. మడత పెట్టిన ఛార్జర్ వైరుతో కొడితే ‘U’ ఆకారంలో తట్టు తేలుతుంది. బిడ్డ పొరపాటున వేడినీళ్లలో చెయ్యి పెడితే నీళ్లు చింది కాలిన అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పట్టుకుని ముంచితే మేజోడు తొడిగినట్టు ఒకే గీత పడుతుంది.

ఇక "పడ్డాడు" అన్న మాట. అయిదేళ్లలోపు పిల్లలు అయిదడుగుల లోపు ఎత్తు నుంచి పడి చనిపోవడం పది లక్షల మందికి ఏడాదికి ఒకటి కన్నా తక్కువని లెక్క తేలింది. అసలు జరగదని దీని అర్థం కాదు. అడుగున్నర ఎత్తు నవారు మంచం మీద నుంచి మట్టినేల మీద పడ్డాడంటూ తెచ్చిన బిడ్డకు వెనక వైపు పక్కటెముకలు విరిగి ఉంటే, ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలని అర్థం.

ఇదే శిక్షణకు రెండో ముఖం కూడా ఉంది. మన పసిపిల్లల్లో చాలామందికి నడుము కింద, పిర్రల మీద పుట్టుకతోనే నీలి మచ్చలు ఉంటాయి. తెలియనివాళ్లు చూస్తే కొట్టారనే అనుకుంటారు. ఎముకలు పెళుసుగా ఉండే పుట్టు జబ్బులు, విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే రికెట్స్, నెత్తురు గడ్డకట్టని జబ్బులు కూడా అచ్చం హింసలాగే కనిపిస్తాయి. వాతల సంగతి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. గుంటూరులో మా చిన్నప్పుడు మా వీధిలో ఒక పిల్లాడి పొట్ట మీద గుండ్రటి మచ్చలు మూడు వరసగా ఉండేవి. "కామెర్లొస్తే వాతలు పెట్టించాం" అని వాళ్ల అమ్మమ్మ మామూలుగా చెప్పేది. ఆ ముసలావిడకు మనవడంటే ప్రాణం. ఆ మచ్చలను క్రూరత్వం కింద లెక్కగట్టాలా, అజ్ఞానం కింద గట్టాలా అన్నది గాయం ఒక్కటే చెప్పదు. ఇల్లూ మనుషులూ తెలిసినవాళ్లు కూడా పక్కన ఉండాలి. శిక్షణ లేకపోతే దోషి బయటపడిపోవడం ఒక ప్రమాదం. ఏ పాపం తెలియని తల్లి జైలుకెళ్లడం ఇంకో ప్రమాదం.

మన ఎంబీబీఎస్ విద్యార్థులు దీన్ని ఫోరెన్సిక్ మెడిసిన్‌లో, శిశుహత్యల పాఠంలో ఒక ముక్కగా చదువుతారు. కమిలిన మచ్చ మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆకుపచ్చగా, పసుపుగా మారుతుందని, రంగును బట్టి ఎన్ని రోజుల గాయమో చెప్పొచ్చని అదే సబ్జెక్టులో బట్టీ పడతారు. పిల్లల విషయంలో కంటితో రంగు చూసి రోజులు లెక్కగట్టడం నమ్మదగింది కాదని ఇరవై ఏళ్ల కిందటే పరిశోధనలు తేల్చాయి. పాత పాఠం నమ్ముకుని "రెండు రోజుల నాటి గాయం" అని రాసిచ్చిన డాక్టరు బోనులో నిలబడితే డిఫెన్స్ లాయర్ ఆ ఒక్క వాక్యంతో కేసు మొత్తం కూల్చేయగలడు.

ఇక చట్టం వైపు చూద్దాం. ఈ ప్రాంతానికి ఇందులో పాత చరిత్రే ఉంది. దేశంలో ‘బాలల చట్టం’ అన్న పేరుతో వచ్చిన మొదటి చట్టం 1920 నాటి మద్రాసు బాలల చట్టం. అప్పటికి బెజవాడ, గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. అయితే ఆ చట్టం చూపు ఎక్కువగా తప్పు చేసిన పిల్లల మీద, దిక్కులేని పిల్లల మీద ఉండేది. ఇంట్లో దెబ్బలు తినే పిల్లాడు ఎవరి కంటికీ ఆనలేదు. దానికి కారణం చట్టం ఒక్కటే కాదు. వీధిబడిలో కోదండం వేయడం, తొడపాశం పెట్టడం, గోడకుర్చీ వేయించడం చదువులో భాగమనుకున్న సమాజం మనది. "దండం దశగుణం భవేత్" అని, "మొక్కై వంగనిది మానై వంగునా" అని చెప్పి కొట్టడాన్ని ప్రేమ కింద జమ కట్టాం. పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోరి సదుద్దేశంతో చేసింది నేరం కాదన్న ఐపీసీ 89వ సెక్షన్ కూడా కొట్టిన పెద్దలకు చాలాకాలం అడ్డుగోడలా నిలిచింది.

2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో పిల్లల మీద క్రూరత్వానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2009 విద్యా హక్కు చట్టంతో అది దేశమంతటికీ వచ్చింది. 2007లో కేంద్రం చేయించిన పెద్ద అధ్యయనంలో 13 రాష్ట్రాలను తీసుకున్నారు, మన రాష్ట్రం కూడా వాటిలో ఒకటి. 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. అయితే ఆ పిల్లలందరూ అయిదేళ్లు నిండినవాళ్లు. ఎవరికి ప్రాణం మీదికి వచ్చే ముప్పు ఎక్కువో ఆ పసివాళ్లు ఆ లెక్కలోకి రానేలేదు. మాటలు రానివాళ్లను సర్వేలో అడగలేం కదా.

2012లో వరసగా రెండు ఘటనలు దేశాన్ని కలవరపెట్టాయి. జనవరిలో తల పగిలి, ఒంటి మీద పంటిగాట్లతో రెండేళ్ల పాపను ఢిల్లీ ఎయిమ్స్‌కు తెచ్చారు. మార్చిలో చనిపోయింది. ఏప్రిల్‌లో బెంగళూరులో మూడు నెలల పాప తండ్రి కొట్టిన దెబ్బలకు ప్రాణం విడిచింది. అదే ఏడాది నవంబర్ 14న, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. దాంతో లైంగిక నేరాల విషయంలో చాలా మారింది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. ప్రత్యేక కోర్టు, ప్రత్యేక ప్రాసిక్యూటర్, యూనిఫాం లేకుండా ఇంటికెళ్లి వాంగ్మూలం తీసుకోవడం, అన్నీ చట్టంలోనే రాశారు. లైంగిక హింస బాధితుల వైద్య పరీక్ష ఎలా చేయాలో 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశమంతటికీ ఒక ఫారం ఇచ్చింది. శిక్షణలన్నీ సహజంగానే ఆ దారిన నడిచాయి. అది మంచిదే, అవసరమే.

కానీ అదే వయసు పాప చెయ్యి విరిచారనుకోండి. పోక్సోలో ఉన్నంత సూటిగా "చెప్పి తీరాలి" అన్న బాధ్యత లేదు. ప్రత్యేక ఫారం లేదు. క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టర్‌లో ఒక వరస, తర్వాత మూడు నాలుగు వాక్యాల ఊండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), కింద ‘సింపుల్’ (మామూలు గాయం) లేదా ‘గ్రీవియస్’ (తీవ్ర గాయం) అన్న ఒక మాట. బజారులో కొట్లాడుకున్న ఇద్దరు మగవాళ్లకు ఇచ్చేదీ అదే కాగితం.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ పిల్లల మీద క్రూరత్వానికి గరిష్ఠ శిక్షను మూడేళ్లకు పెంచింది. బిడ్డ వికలాంగుడైతే మూడు నుంచి పదేళ్లు. 107వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషన్‌లో ఏఎస్సైకి తగ్గని హోదాలో ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి, అతనికి ప్రత్యేక శిక్షణ ఉండాలి. చట్టంలో మాట బాగానే ఉంది. అయితే ఆ శిక్షణలో చెవి మీద మచ్చ గురించి, మంచం ఎత్తు కొలవడం గురించి ఎంతసేపు చెబుతారన్నది చట్టం చెప్పదు. పైగా 2021 సవరణ ఈ చట్టం కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్షపడే నేరాలను నాన్ కాగ్నిజబుల్ చేసింది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు మొదలుపెట్టలేని నేరాలన్నమాట. పిల్లల మీద నేరాలకు ఇది తగదని నా గట్టి అభిప్రాయం.

బయటి దేశాలు ఆలస్యంగానైనా నేర్చుకున్నది ఒకటే: ఎవరికి వాళ్లకు విడివిడిగా పాఠం చెబితే చాలదు. 1985లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో ఒక జిల్లా ప్రాసిక్యూటర్ చొరవతో డాక్టరు, పోలీసు, సామాజిక కార్యకర్త, ప్రాసిక్యూటర్ ఒకే కప్పు కింద కూర్చునే కేంద్రం మొదలైంది. లండన్‌లో 2000లో ఎనిమిదేళ్ల పాప ఒంటి మీద 128 గాయాలతో చనిపోతే, విచారణ జరిపి 2003లో నివేదిక ఇచ్చారు. పోలీసులు, ఆస్పత్రులు, సంక్షేమ సిబ్బంది ఆ పాపను కాపాడగలిగిన సందర్భాలు పన్నెండు ఉన్నాయని అందులో తేలింది. ప్రతి ఒక్కరూ కొంత చూశారు. అంతా కలిపి చూసినవాళ్లు లేరు. మన దగ్గర్లో అయితే హైదరాబాద్‌లో 2016లో భరోసా కేంద్రం ఈ పద్ధతిలోనే మొదలైంది.

కోర్టులో ఏం జరుగుతుందో చూస్తే కలిపి నేర్పడం ఎందుకో అర్థమవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయర్ డాక్టరును అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎత్తు నుంచి పడితే ఈ గాయం వచ్చే అవకాశం ఉందా?" నిజాయితీ గల డాక్టరు "ఉంది" అంటాడు. అక్కడితో కేసు పోతుంది. ఏపీపీకి (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు) సబ్జెక్టు తెలిస్తే లేచి మళ్లీ అడుగుతాడు: ఎంత ఎత్తు? ఒక్కసారి పడితే వీపు మీద, చెవి మీద, రెండు చేతుల మీద ఒకేసారి వస్తాయా? అయితే ఈ ప్రశ్నలు నిలబడాలంటే ఎస్సై ముందే ఆ ఇంటికెళ్లి ఉండాలి. మంచం ఎత్తు టేపుతో కొలవాలి, కింద గచ్చా, బండలా, మట్టా రాయాలి, గాయం పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. బిడ్డ చివరిసారి మామూలుగా పాలు తాగింది ఎప్పుడు, అప్పటి నుంచి ఎవరి చేతుల్లో ఉన్నాడో గంట గంటకూ రాసుకోవాలి. ఆ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. నాలుగు గోడల మధ్య జరిగిన నేరంలో ఆ ఇంట్లో ఉన్నవాళ్లు సరైన వివరణ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2006లో త్రిముఖ్ మారుతి కిర్కన్ కేసులో చెప్పింది. పాత సాక్ష్య చట్టంలో అది 106వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 109. అయితే ముందు ప్రాసిక్యూషన్ తన వంతు రుజువు చేశాకే ఆ భారం అవతలి వాళ్ల మీదికి వెళ్తుంది. బిడ్డ ఆ సమయంలో ఎవరి దగ్గర ఉన్నాడో తేల్చకపోతే ఆ సెక్షన్ ఉండీ లాభం లేదు.

ఇవన్నీ ఒక చోట నేర్పడానికి ఈ రెండు ఊళ్ల మధ్య ఉన్నంత వీలు రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం, సిద్ధార్థ మెడికల్ కాలేజీ. మంగళగిరిలో ఎయిమ్స్, రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం. కాజ దగ్గర 2022 డిసెంబర్‌లో మొదలైన జ్యుడీషియల్ అకాడమీ. నేలపాడులో హైకోర్టు. గుంటూరులో మెడికల్ కాలేజీ, ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్. అన్నీ సుమారు 35 కిలోమీటర్ల పరిధిలోనే.

అక్కడ ఏం నేర్పినా చివరికి తేలాల్సిన చిన్న పని ఒకటుంది. అనుమానం ఉన్న రెండేళ్లలోపు బిడ్డకు ఒళ్లంతా ఎక్స్‌రేలు తీయాలి. రెండు వారాల తర్వాత మళ్లీ తీయాలి. సన్నటి విరుగుళ్లు మొదటి ఫిల్మ్‌లో కనపడవు. ఎముక అతుక్కోవడం మొదలయ్యాకే బయటపడతాయి. ఆ రెండో ఎక్స్‌రేకు బిడ్డను తీసుకురావాల్సింది ఇంట్లోవాళ్లే, కొన్నిసార్లు కొట్టిన చేతులతోనే. ఆ తేదీన రాకపోతే డాక్టరు ఎవరికి ఫోన్ చేయాలి, ఎస్సై ఆ రోజే ఆ ఇంటి తలుపు తట్టాలా, శిశు సంక్షేమ కమిటీ ఆ పద్నాలుగు రోజులూ బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలి? ఈ మూడు ప్రశ్నలకు డాక్టరు, ఎస్సై, కమిటీ, ప్రాసిక్యూటర్ నలుగురూ ఒకే జవాబు చెప్పగలగాలి.