పక్క బోరులో నీటిమట్టం, మెదడులో స్పందన

స్కానింగులోనే మెదడులో ఏ భాగం పనిచేస్తోందో కనిపిస్తుంటే, పైనుంచి అయస్కాంతంతో దాన్ని ప్రేరేపించడం దేనికని అనంతపురం డిగ్రీ విద్యార్థిని ఒకరు అడిగారు. ఆమె ప్రశ్నకు సమాధానం ఈ జిల్లా బోరుబావుల్లోనే ఉంది.

మన నేలలో నీరు చాలాచోట్ల గట్టి రాళ్ల పగుళ్లలో ఉంటుంది. రెండు పొలాల బోర్లలో నీటిమట్టం కలిసి దిగుతూ కలిసి ఎక్కుతున్నంత మాత్రాన రెండింటికీ ఒకే పగులు ఆధారమని చెప్పలేము. త్రీఫేజ్ కరెంటు ఇద్దరు రైతులకూ ఒకే వేళకు రావడం, మోటార్లు ఒకేసారి తిరగడం కూడా అందుకు కారణం కావచ్చు. చుట్టుపక్కల మోటార్లన్నీ ఆపించి, ఒక్క బోరునే నడిపి, రెండోదానిలోకి తాడు వదిలి కొలిచినప్పుడు తడి గుర్తు కిందికి జరిగితే మాత్రం సంబంధం ఉన్నట్లే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని జల చూసేవారి మాట నమ్మి అప్పు చేసి బోరు వేసే రైతులను తలచుకున్నప్పుడల్లా, కొలిచి చూసే ఈ అలవాటును బడిలోనే నేర్పాలనిపిస్తుంది.

మెదడులో రక్తప్రవాహపు మార్పులను చూపే స్కానింగు అయిన ఎఫ్.ఎం.ఆర్.ఐ. ఒక్కటే వాడితే, కలిసి ఎక్కి దిగే మట్టాలను చూస్తూ కూర్చున్నట్లే. మోటారు వేసే పని 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం చూపిన అయస్కాంత ప్రేరణది. తల మీద ఆనించిన తీగచుట్టలో వేల ఆంపియర్ల విద్యుత్తు సెకనులో పదివేలవ వంతు కాలంలో ఎగసినప్పుడు, మారే అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి, 1831లో ఫారడే కనుగొన్న నియమం ప్రకారమే, మెదడు పైపొరలో విద్యుత్తును పుట్టించి నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది. చుట్టను ఎడమవైపు చలన కేంద్రం మీద సరిగ్గా అమర్చితే, టక్కుమనే చప్పుడుతో, మనిషి తలచకుండానే కుడి బొటనవేలు ఎగిరిపడుతుంది.

దీనికి కొలతను జోడించడంలోనే అసలు పని ఉంది. స్కానరులో రక్తప్రవాహపు మార్పు పతాకస్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది కనుక అది ప్రధానంగా స్పందన ఎక్కడో చెబుతుంది, తల మీద అతికించిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్తును కొలిచే ఇ.ఇ.జి. మిల్లీసెకన్ల లెక్కలో అది ఎప్పుడో చెబుతుంది. చుట్ట చప్పుడు చెవిన పడినా మెదడు స్పందిస్తుంది కాబట్టి, మన పరీక్ష వేళ ఇంకొకరు మోటారు వేసినట్లు కాకుండా, చెవుల్లో హోరు శబ్దం వినిపించి దాన్ని కప్పివేస్తారు.

అయస్కాంత ప్రేరణకు ఇ.ఇ.జి.ని జోడించి నాడీశాస్త్రవేత్తలు మార్చెల్లో మాసిమిని, జూలియో టొనోని బృందం 2005లో చూపిన ఫలితం నన్ను ఇప్పటికీ విస్మయపరుస్తుంది. మెలకువలో ఒకచోట ఇచ్చిన ప్రేరణ దూరపు భాగాలకు పాకి, దాదాపు 300 మిల్లీసెకన్లు సాగింది. కలలు లేని గాఢనిద్ర మొదట్లో అదే ప్రేరణ అక్కడే బలంగా లేచి, అక్కడే అణగిపోయింది. బోరు పోలిక ఇక్కడ చాలదు, ఎందుకంటే రాతి పగులు రాత్రి మూసుకొని తెల్లవారేసరికి తెరుచుకోదు. మెదడులో మాత్రం నాడీ తంతువులన్నీ ఉన్నచోటే ఉండగా దారి మూసుకుపోతోంది. మాట్లాడలేని, కదలలేని రోగిలో స్పృహ ఉందో లేదో అంచనా వేయడానికి 2013లో మాసిమిని బృందం రూపొందించిన సూచిక ఈ వ్యాప్తి ఎంత సంక్లిష్టంగా ఉందో కొలుస్తుంది. అందుకు రోగి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పనక్కరలేదు.