కొండను రుబ్బిన మంచు

ఒక పాఠకురాలు మూడు ఫొటోలు పంపి ఒక ప్రశ్న అడిగారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో స్నోడన్ కొండ మీద ఒక చుట్టు నడక ఉంది. పొద్దున బయలుదేరితే మళ్ళీ అదే చోటికి చేరేసరికి సాయంత్రమైందట. మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకున్నారట. ప్రశ్న ఇది: "దారి పొడుగునా కింద సరస్సు కనిపిస్తూనే ఉంది. చుట్టూ కొండ, మధ్యలో నీళ్ళు. రాళ్ళేమో అగ్నిపర్వతం రాళ్ళని చెప్పారు. అంటే మేం తిరిగింది అగ్నిపర్వతం నోటి చుట్టూనా?"

కాదు. కానీ ఇంత మంచి తప్పు నేను ఈ మధ్య వినలేదు. కళ్ళెదుట ఉన్న ఆధారాలన్నీ కలిపి కట్టిన ఊహ ఇది. తరగతిలో ఎవరైనా ఇలాంటి జవాబు చెబితే "తప్పు, కూర్చో" అనేస్తాం. ఎందుకు అలా అనుకున్నావని అడిగితే ఆ గంటంతా పాఠం దానంతటదే నడుస్తుంది.

ముందు ఆ దారి సంగతి. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని స్నోడన్ హార్స్‌షూ అంటారు. పెన్-అ-పాస్ అనే కనుమ దగ్గర, 359 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. దారిలో వరసగా వచ్చే శిఖరాలు ఇవి: క్రీబ్ గోఖ్ 923 మీటర్లు, గార్నెద్ ఇగైన్ 1,065, స్నోడన్ శిఖరం 1,085, చివరగా లివెద్ 898. స్నోడన్‌కు వెల్ష్ పేరు అర్ విద్వా. 2022 నవంబరు నుంచి అక్కడి జాతీయ ఉద్యానవన సంస్థ ఆ పేరే వాడుతోంది. మొత్తం నడక పన్నెండు కిలోమీటర్ల చిల్లరే. కానీ ఎక్కినంతా దిగి, దిగినదాంట్లో కొంత మళ్ళీ ఎక్కాలి. మొదలుకూ శిఖరానికీ మధ్య తేడా 726 మీటర్లే అయినా, కాళ్ళు ఎక్కే ఎత్తు మొత్తం వెయ్యి మీటర్ల దాకా వస్తుంది.

ఆమె దీన్ని "సరస్సుకు ప్రదక్షిణ" అన్నారు. ప్రదక్షిణలో దేవుడు కుడిచేతి వైపు ఉంటాడు. ఇక్కడ చాలామంది తిరిగేది అప్రదక్షిణంగానే, సరస్సు ఎడమచేతి వైపు ఉంటుంది. కారణం క్రీబ్ గోఖ్. కత్తి అంచులాంటి ఆ గట్టు మీద చేతులు కూడా వాడుతూ పాకాలి. దాన్ని దిగడం కంటే ఎక్కడం మేలు, కాళ్ళు అలిసిపోకముందే ఎక్కేయడం ఇంకా మేలు. గాలి, వాన ఉన్న రోజున అనుభవం లేనివాళ్ళు దాని జోలికి పోకూడదు. వాన లేని రోజు దొరకడం కూడా కష్టమే, అక్కడ ఏడాదికి సగటున 4,400 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది.

ఇక అగ్నిపర్వతం. రాళ్ళు దానివే, నిజం. కానీ అవి దాదాపు 45 కోట్ల ఏళ్ళ కిందటివి. శిఖరం దగ్గరి రాళ్ళలో సముద్రపు గవ్వల శిలాజాలు దొరుకుతాయి. అంటే ఆ బూడిదలో కొంత సముద్రం అడుగున పేరుకుంది. ఆ తర్వాత పొరలన్నీ ముడతలు పడ్డాయి. ఇప్పుడు అన్నిటికంటే ఎత్తున ఉన్న శిఖరం నిజానికి ఒక ముడత లోయ భాగంలో ఉంది. అప్పటి అగ్నిపర్వతం నోరు ఇన్ని మార్పులకు ఓర్చుకుని నిలిచే ప్రశ్నే లేదు. ఇటుకలతో కట్టిన ఇంటిని చూసి ఇదే ఇటుకల బట్టీ అనుకోలేం కదా.

మరి ఆ గుంట ఎవరు తవ్వారు? ఇక్కడ నన్ను పట్టి కూర్చోబెట్టే అంకె ఒకటుంది. కింద కనిపించే పెద్ద సరస్సు పేరు లిన్ లదావ్. ఆ మొదటి 'ల'కి మన లిపిలో అక్షరం లేదు. నాలుకను 'ల' చోట పెట్టి గొంతు కలపకుండా గాలి ఊదాలి. దాని నీటిమట్టం సముద్రానికి 440 మీటర్ల ఎత్తున ఉంది, లోతు 58 మీటర్లు. నీళ్ళు బయటికి పోయే గట్టు కంటే అడుగు 58 మీటర్లు కిందికి ఉందన్నమాట. వాగు ఈ పని చేయలేదు. నీరు తన దారి కంటే కింద గుంట తవ్వి, మళ్ళీ ఎత్తెక్కి అవతలికి పోలేదు. అంత గుంట పడితే అందులో మట్టి నింపడమే నీటికి తెలిసిన పని.

ఆ పని మంచుకు చేతనవును. ఒకప్పుడు ఆ లోయలో హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు ముద్ద, ఉండేది. ఎలాగో చెప్పాలంటే నాకు రుబ్బురోలు కావాలి.

రోలు గుంట ఎలా ఉంటుంది? అడుగు లోతుగా, చుట్టూ అంచు ఎత్తుగా. మా అమ్మమ్మగారి రోలు ఏళ్ళ తరబడి రుబ్బి రుబ్బి కడుపు అరిగి, కొత్తదాని కంటే లోతెక్కింది. పొత్రం లోపలే తిరుగుతుంది, అంచు దాటదు. అందుకే అంచు మిగులుతుంది, అడుగు అరుగుతుంది. స్నోడన్ లోయలో పొత్రం మంచే. కాకపోతే పొత్రం నిలువు ఇరుసు చుట్టూ తిరుగుతుంది, ఆ ఇరుసును అడ్డంగా పడుకోబెట్టండి. కొండ పక్కన గుంటలో పేరుకున్న మంచు వెనక వైపు కిందికి దిగుతుంది, అడుగున ముందుకు జారుతుంది, అంచు దగ్గర పైకి లేస్తుంది. కుర్చీలో కూర్చుని నిద్రలోకి జారే మనిషి నడుం కిందికి ముందుకు జారి, మోకాళ్ళు పైకి లేచినట్టు.

అలా ఎందుకు తిరగాలి? చలికాలంలో మంచు ఎక్కువగా పడేది పైన, గోడ దగ్గర. ఎండాకాలంలో ఎక్కువగా కరిగేది కింద, అంచు దగ్గర. ఏడాది తిరిగేసరికి వెనక బరువు పెరుగుతుంది, ముందు తగ్గుతుంది, పైతలం వాలు నిటారవుతుంది. మంచు గట్టిదే అయినా ఒత్తిడికి మెల్లగా పారుతుంది. ఒత్తిడి రెండింతలైతే అది సాగే వేగం దాదాపు ఎనిమిదింతలవుతుంది. 1950లలో జాన్ గ్లెన్ ప్రయోగాలతో తేల్చిన సూత్రం ఇది. కాబట్టి వాలు కాస్త పెరిగితే చాలు, మొత్తం ముద్ద తిరిగి సర్దుకుంటుంది. మంచు ఎక్కువ మందంగా, ఎక్కువ చురుగ్గా కదిలేది నడి భాగం కింద. సరస్సు లోతంతా అక్కడే. ఆ 1950ల మొదట్లోనే కేంబ్రిడ్జి పరిశోధకులు, విద్యార్థులు నార్వేలో ఒక చిన్న హిమానీనదంలోకి సొరంగాలు తవ్వి లోపలి కదలికను కొలిచారు. అది ఇలాగే తిరుగుతోందని తేలింది.

అయితే మంచు మెత్తన. కరగబోయే మంచు మీద గోరుతో గీత పెట్టవచ్చు. అది రాయిని ఎలా అరగదీస్తుంది? మళ్ళీ రోలు దగ్గరికే రండి. కొత్త రోలును ఎందుకు బాగా కడిగి, మొదటిసారి రుబ్బినదాన్ని పారబోస్తారు? రాతి పొడి వస్తుంది కాబట్టి. మధ్యలో గట్టి రవ్వ పడితే చాలు, గీత పడుతుంది. మంచు తనలో ఇరుక్కున్న రాళ్ళను బలంగా పట్టుకుని నేల మీద ఈడుస్తుంది. వంద మీటర్ల మందం మంచు కింద నేల మీద పడే బరువు వాతావరణ పీడనానికి తొమ్మిదింతలు. గీతలు పెట్టేది రాళ్ళు, వాటిని నొక్కి లాగేది మంచు.

మరి ఆ రాళ్ళు అయిపోవా? రుబ్బగా రుబ్బగా రోలు నునుపెక్కిపోతే పని సాగదు. అప్పుడు ఉలి పట్టుకున్న మనిషి వచ్చి కక్కు కొట్టిపోయేవాడు. మంచు తన కక్కు తానే కొట్టుకుంటుంది. అడుగున రాతి పగుళ్ళలోకి నీరు దూరి గడ్డకడుతుంది, ఘనపరిమాణం 9 శాతం పెరుగుతుంది, పగులు సాగుతుంది. మంచు కదిలినప్పుడు ఆ ముక్క ఊడి దానితో పోతుంది. ఊడిన చోట గరుకు మిగులుతుంది, ఊడిన ముక్క కొత్త పనిముట్టవుతుంది.

ఇంకో చిక్కు. పిండి తీయకపోతే రోలు నిండిపోతుంది, పొత్రం పిండి మీద జారుతుందే తప్ప రాయిని తాకదు. గుంటలోంచి ఈ రాతి పిండిని ఎత్తిపోసేదెవరు? మంచు కొంత మోస్తుంది. మిగతాది మంచు కిందనున్న నీటి పని, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే ముచ్చట ఇదే. మంచు కింద నొక్కుడుపడ్డ నీరు నేల వాలును చూడదు, ఒత్తిడి ఎటు తగ్గితే అటు పోతుంది. ఆ ఒత్తిడి పైనున్న మంచు మందాన్ని బట్టి ఉంటుంది. ఘనమీటరు మంచు 917 కిలోలు, నీరు 1,000 కిలోలు. ఆ రెంటి తేడా 83. 917ను 83తో భాగిస్తే 11. అంటే మంచు పైతలం వాలు, నేల వాలు కంటే 11 రెట్లు బలంగా నీటిని నడిపిస్తుంది. పైతలం ముందుకు ఒక డిగ్రీ వాలి ఉంటే, అడుగున నీరు పదకొండు డిగ్రీల దాకా ఎదురెక్కి, బురదను మోసుకుంటూ గుంట అంచు దాటగలదు! మంచు లేని రోజుల్లో వాగుకు అసాధ్యమైన పని మంచు కప్పిన రోజుల్లో మామూలు పని.

ఒక్కచోట మాత్రం నా రోలు ఓడిపోతుంది. రోలు గుంట రోలు దాటి పెరగదు. మంచు గుంట వెనక్కి కొరుక్కుంటూ పోతుంది. మంచుకూ వెనక గోడకూ మధ్య పడిన సందుల్లో రాయి పగిలి ఊడుతూనే ఉంటుంది, గోడ వెనక్కి జరుగుతూనే ఉంటుంది. లివెద్ మీద నడిచేటప్పుడు ఎడమ పక్కన దాదాపు 300 మీటర్లు ఒక్కసారిగా పడిపోయే కొండచరియ అదే. అదే గట్టు కుడి పక్క మామూలు కొండవాలు. ఇలాంటి గుంటలు రెండు ఎదురెదురు దిక్కుల నుంచి కొరుక్కుంటూ వస్తే మధ్యలో పలచని గోడ మిగులుతుంది. క్రీబ్ గోఖ్ అలా మిగిలింది, ఉత్తరాన కుమ్ గ్లాస్, దక్షిణాన మన సరస్సుల లోయ. నాలుగు పక్కల నుంచి కొరికితే మిగిలేది స్నోడన్ శిఖరం. ఆమె కాళ్ళు నొప్పెట్టిన దారంతా మంచుకు అందకుండా మిగిలిపోయిన అంచు. నాడాకు ఒక పక్క తెరిచి ఉన్నది తూర్పున, మంచు బయటికి పోయిన దారి అది. పడమటి గాలి శిఖరం మీది మంచును ఎగరేసుకొచ్చి తూర్పు నీడలో పోస్తుంది. ఆ లోయ అటు తిరిగి ఉండటానికి కారణం గాలీ, ఎండా.

వెల్ష్ భాషలో ఇలాంటి గుంటను కుమ్ అంటారు. ఎవరెస్టు కింద 'వెస్టర్న్ కుమ్' ఉంది చూడండి, 1921లో ఆ పేరు పెట్టిన పర్వతారోహకుడు జార్జ్ మాలరీ లివెద్ చరియల మీద ఎక్కడం సాధన చేసినవాడే.

స్థానిక కథలకు వస్తే, పైనున్న చిన్న సరస్సు గ్లాస్లిన్‌లో అవాంక్ అనే నీటి భూతాన్ని ఎడ్లతో లాక్కొచ్చి పడేశారంటారు. కొండ నడుమ, చీకటిగా, ఎంత లోతో తెలియని నీళ్ళు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది, కథ పుడుతుంది. నాకు ఆ కథలంటే చులకన లేదు. "ఇంత ఎత్తున ఇంత లోతు నీళ్ళేమిటి?" అన్న ప్రశ్న వాటిలో ఉంది. సమాధానమే వేరు.

చూసే కన్ను కంటే ముందు ప్రశ్న ఉండాలనడానికి పక్క లోయే సాక్షి. 1831 ఆగస్టులో ఇరవై రెండేళ్ళ చార్లెస్ డార్విన్, తన గురువు ఆడమ్ సెడ్జ్‌విక్‌తో కలిసి దగ్గర్లోని కుమ్ ఇద్వల్ లోయంతా శిలాజాల కోసం గాలించాడు. గీతలు పడ్డ రాళ్ళు, మంచు తెచ్చి పోసిన గుట్టలు కాళ్ళ కిందే ఉన్నాయి. ఇద్దరికీ కనపడలేదు. 1840లో స్విస్ శాస్త్రవేత్త లూయీ అగసీ బ్రిటన్ వచ్చి ఇక్కడ ఒకప్పుడు హిమానీనదాలు ఉండేవని చెప్పాడు. 1842లో డార్విన్ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి అన్నీ కనిపించాయి, అదే ఏడాది వ్యాసం రాశాడు.

మెట్ల సంగతి రెండు మాటల్లో. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. అలా సాగదీసిన పనే కండరపు పోగులను ఎక్కువ దెబ్బతీస్తుంది, నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. ఆమెకు మర్నాడు కష్టమైంది ఎక్కడం వల్ల కాదు, లివెద్ నుంచి సరస్సు దాకా దిగడం వల్ల.

ఆ లోయలో చివరి మంచు సుమారు 11,700 ఏళ్ళ కిందట కరిగిపోయింది. మూడో ఫొటోలో ఆమె సరస్సు ఒడ్డున ఒక రాతి మీద కూర్చుని బూటు విప్పుకుంటున్నారు. రాయి ఎగువ వైపు అరిచేతితో నిమిరినట్టు నున్నగా ఉంది, దిగువ వైపు ముక్కలు ఊడిపోయి గరుగ్గా ఉంది. ఫొటోను పెద్దది చేసి చూడండమ్మా. విప్పిన బూటు పక్కనే సన్నటి గీతలున్నాయి, అన్నీ ఒకే వైపుకి, లోయ నోటి వైపుకి.