జైల్లో పని నేర్పారు, బయట పని ఎవరిస్తారు?

చంచల్‌గూడ జైలు పెట్రోలు బంకులో మీ బండికి పెట్రోలు కొట్టే మనిషి ఖైదీ అయి ఉండవచ్చు. విడుదలైన కొందరికి కూడా తెలంగాణ జైళ్ల శాఖ ఇలాంటి బంకుల్లోనే పని ఇచ్చింది. మెచ్చుకోదగ్గ సంగతే. కానీ శిక్ష ముగించుకున్న మనిషికి మళ్లీ ఆ శాఖే దిక్కు కావడం వెనుక వందేళ్లకు పైబడిన కథ ఉంది.

వందేళ్లకు పైగా మన జైళ్లను నడిపిన చట్టం 1894 నాటిది. కాపలా, క్రమశిక్షణ, బేడీలు, చివరికి కొరడా దెబ్బలు కూడా అందులో ఉన్నాయి. గేటు దాటాక ఖైదీ ఎలా బతుకుతాడన్న ఆలోచన మాత్రం లేదు. ఖైదీని సంస్కరించడమూ జైలు పనేనని 1919-20లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ కమిటీ గట్టిగా చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో, విడుదలైన వారి బాగోగుల కోసమే గోరే కమిటీని వేశారు. నివేదికలకు కొదవ లేదు, కొరతంతా అమలుకే.

1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక మోసం కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగాలు ఇప్పిస్తామని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజిన కేసది. జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష తగ్గించి ఊరుకోలేదు. ముద్దాయికి గొడ్డుచాకిరీ కాక బుర్రకు పదునుపెట్టే పని ఇవ్వాలని ఆదేశించారు. నేరస్థుణ్ని రోగిలా చూసి బాగుచేయాలన్న ఆ తీర్పును న్యాయవాదులు నేటికీ ఉటంకిస్తారు. 1998లో గుజరాత్ కేసులో అదే కోర్టు, ఖైదీ శ్రమకు న్యాయమైన కూలి ఇవ్వాలని, అందులో కొంత బాధితులకు చేరాలని చెప్పింది.

జైల్లో వడ్రంగం, నేత, బేకరీ పని నేర్చుకున్న మనిషికి చేతిలో విద్య ఉంటుంది. కానీ బయటికి వచ్చాక ఇంటి యజమాని అద్దెకు ఇవ్వడు. పనిలో పెట్టుకునేవాడు పాత కేసు గురించి అడుగుతాడు. ఊళ్లో దొంగతనం జరిగితే కానిస్టేబులు ముందు అతని తలుపే తడతాడు. ఈ చిక్కుకు ఏ వర్క్‌షాపులోనూ శిక్షణ లేదు.

కేంద్రం 2023లో తెచ్చిన మాదిరి చట్టంలో విడుదల తరువాతి సాయానికి చోటు దక్కింది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది: దేశంలోని ఖైదీల్లో నూటికి డెబ్బై మందికి పైగా విచారణ ఖైదీలే. జైలు పని, కూలి ప్రధానంగా శిక్ష పడినవారి కోసం. ఏళ్ల తరబడి రిమాండులో ఉండి నిర్దోషిగా బయటపడిన మనిషికి ఆ కూలి డబ్బులు కూడా ఉండవు.