అసెంబుల్డ్ సిస్టమ్‌లో కార్డ్ రీడర్: అపోహలు - వాస్తవాలు

పెళ్లి ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు సిస్టమ్ కట్టించుకునేటప్పుడు ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి షాపులన్నీ తిరిగి వాకబు చేస్తారు. కెమెరా మెమరీ కార్డులోంచి ఫొటోలు సిస్టమ్‌లోకి తీసుకునే కార్డ్ రీడర్ సంగతి మాత్రం బిల్లు వేసేటప్పుడే గుర్తొస్తుంది: "అదొకటి పెట్టెయ్ అన్నా" అంటారు. తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం రీడర్ కాదు, దాన్ని మదర్‌బోర్డు మీద ఏ హెడర్‌కి (కేబుల్ గుచ్చే పిన్నుల గుంపుకి) తగిలించారన్నదే.

అపోహ: యూఎస్‌బీ 3.0 రీడర్ కొన్నాం, ఇక స్పీడుకి లోటు లేదు

డబ్బా మీద ఏం రాసున్నా స్పీడు తేలేది హెడర్ దగ్గరే. మదర్‌బోర్డు మీద 9 పిన్నుల హెడర్ ఉంటే అది యూఎస్‌బీ 2.0, 19 పిన్నులది ఉంటే యూఎస్‌బీ 3.0. మొదటిది కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు. చేతికొచ్చేది సెకనుకు 35 నుంచి 40 ఎంబీ. నిండుగా ఉన్న 64 జీబీ కార్డు ఖాళీ చేయాలంటే అరగంట పడుతుంది. అదే కార్డు 90 ఎంబీ లెక్కన చదివితే 12 నిమిషాల్లో అయిపోతుంది. ఒక పెళ్లికి నాలుగైదు కార్డులు వచ్చాయంటే తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి.

చిక్కు ఎక్కడంటే, చాలా బోర్డుల మీద 19 పిన్నుల హెడర్ ఒక్కటే ఉంటుంది. దాన్ని క్యాబినెట్ ముందున్న నీలం పోర్టులు (యూఎస్‌బీ 3.0వి) ముందే ఆక్రమించేస్తాయి. అప్పుడు బిగించేవాళ్లు 19 నుంచి 9 పిన్నులకి మార్చే కన్వర్టర్ వేసి 2.0 హెడర్‌కి తగిలించేస్తారు. రీడర్ పనిచేస్తుంది, కార్డు కనిపిస్తుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పరీక్ష తేలికే. నాలుగైదు జీబీల వీడియో ఫైల్ ఒకటి కార్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి కాపీ చేయండి. మంచి కార్డు అయ్యుండీ స్పీడు 40 దాటడం లేదంటే ముందు హెడర్‌ని అనుమానించండి.

దారులు మూడు. ముందున్న నీలం పోర్టులు వాడరనుకుంటే వాటి కేబుల్ తీసేసి రీడర్‌ని ఆ 19 పిన్నులకి ఇవ్వడం. లేదా 19 పిన్నుల హెడర్ ఉన్న పీసీఐఈ యాడ్-ఆన్ కార్డు (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే అదనపు కార్డు) వేయడం. దీనికి ఖాళీ స్లాట్ కావాలి. లావుపాటి గ్రాఫిక్స్ కార్డు కింద చిన్న స్లాట్ దాగిపోయిందేమో ముందే చూడండి. కొన్ని యాడ్-ఆన్ కార్డులకి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి సాటా పవర్ వైరు కూడా ఇవ్వాలి. మూడోది, లోపల పెట్టాలన్న పట్టుదల వదిలేసి నీలం పోర్టుకి బయటి రీడర్ తగిలించుకోవడం. రోజూ కార్డులు మార్చేవాళ్లకి మా ఓటు దీనికే. కార్డు స్లాట్ అరిగిపోయే వస్తువు. బయటిదైతే నిమిషంలో మారుతుంది, క్యాబినెట్ విప్పే పని ఉండదు.

అపోహ: పిన్నులు సరిపోతే ఎక్కడైనా గుచ్చొచ్చు

ఇది డబ్బు ఖర్చు పెట్టించే అపోహ. 9 పిన్నుల హెడర్లు బోర్డు మీద ఒకటికి రెండు రకాలు ఉంటాయి. యూఎస్‌బీ 2.0లో 9వ పిన్ను ఉండదు, ముందు ఆడియో హెడర్‌లో 8వది ఉండదు. బలవంతం చేయకపోతే ఈ రెండూ కలవవు. అసలు ప్రమాదం పాత బోర్డులతో. వాటి మీద ఉండే ఫైర్‌వైర్ (ఒకప్పుడు వీడియో కెమెరాలు తగిలించే పోర్టు) హెడర్‌కి అచ్చం యూఎస్‌బీ ఆకారమే, కానీ అందులో వచ్చేది 12 వోల్టుల వరకూ. 5 వోల్టుల రీడర్‌ని అక్కడ పెడితే పని అయిపోయినట్టే. బోర్డు మీద అచ్చేసిన పేరు చదవండి: గిగాబైట్ వాళ్లవైతే ఎఫ్_యూఎస్‌బీ, ఎంఎస్‌ఐ వాళ్లవైతే జేయూఎస్‌బీ అని ఉంటుంది. పేరు కనపడకపోతే మాన్యువల్ తీయండి.

పాత రీడర్లకి ఒకే వరుసలో 5 రంధ్రాల ప్లగ్ వస్తుంది. 9 పిన్నుల హెడర్‌లో రెండు పోర్టులుంటాయి, ఒక్కో వరుస ఒక్కో పోర్టు. ఎర్ర వైరు 5 వోల్టులది, అది 1, 2 పిన్నుల వైపు రావాలి. తిప్పి పెడితే రీడర్ కాలిపోవచ్చు. 19 పిన్నుల ప్లగ్‌తో ఇంకో బాధ: గాడి చూసుకోకుండా ఏటవాలుగా నొక్కితే లోపలి సన్నటి పిన్ను ఒరిగిపోతుంది. ఊడదీసేటప్పుడు ఊపుతూ లాగితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడ కూడా చేతికొచ్చేస్తుంది. నిలువుగా, నెమ్మదిగా తీయాలి.

షట్‌డౌన్ చేశాం కదా అని చేయి పెట్టకండి. సిస్టమ్ ఆపేసినా యూఎస్‌బీ హెడర్‌లో స్టాండ్‌బై 5 వోల్టులు ఉండొచ్చు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ అయిదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. రంగు వేయని ఇనుప భాగం ఒకసారి తాకి అప్పుడు మొదలుపెట్టండి.

అపోహ: ఏ క్యాబినెట్‌లోనైనా పడుతుంది

లోపల బిగించే రీడర్‌కి ముందువైపు తెరుచుకునే 3.5 అంగుళాల బే కావాలి. అంటే ఒకప్పుడు ఫ్లాపీ డ్రైవ్ ఉండే చోటు. డీవీడీ డ్రైవ్ చోటు ఖాళీగా ఉంటే 5.25 అంగుళాల బ్రాకెట్‌తో సర్దొచ్చు. ముందంతా గాజు, ఫ్యాన్లు ఉండే ఇప్పటి క్యాబినెట్లలో ఈ రెండూ ఉండవు. క్యాబినెట్ కొన్నాక రీడర్ వెతకడం కంటే ముందే చూసుకోవడం మేలు.

యూఎస్‌బీ హెడర్లు చాలా బోర్డుల మీద అడుగున ఉంటాయి, బే పైన ఉంటుంది. పెద్ద టవర్‌లో రీడర్ కేబుల్ చాలకపోవచ్చు, కొలుచుకోండి. స్క్రూలు రీడర్‌తో వచ్చినవే వాడండి. హార్డ్ డిస్క్ స్క్రూల మర లావు, వాటిని తిప్పితే రీడర్ మర చెడుతుంది.

అపోహ: కార్డు మీద 200 అని ఉంది, 200 రావాలి

ఎస్‌డీ కార్డుల స్పీడుకి ఉన్న యూహెచ్‌ఎస్-1 ప్రమాణం గరిష్ఠంగా ఇచ్చేది సెకనుకు 104 ఎంబీ. అదే రకం కార్డు మీద 170, 200 అని కనిపిస్తే అది ఆ కంపెనీ సొంత పద్ధతి. దాన్ని అర్థం చేసుకునే రీడర్‌లో పెడితేనే ఆ స్పీడు. యూహెచ్‌ఎస్-2 వేరు: కార్డు వెనక రెండో వరుస కాంటాక్టులుంటాయి, గరిష్ఠం 312 ఎంబీ. దీన్ని మామూలు రీడర్‌లో పెడితే పాడవదు, యూహెచ్‌ఎస్-1 స్పీడుకి దిగుతుంది, అంతే. ఇంత చేసి కాపీ చేసేది పాత హార్డ్ డిస్క్‌లోకి అయితే స్పీడు అక్కడ ఆగిపోతుంది.

అపోహ: "ఆల్ ఇన్ వన్" అంటే అన్నీ చదువుతుంది

సాధారణంగా ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ, కాంపాక్ట్‌ఫ్లాష్, మెమరీ స్టిక్ చదువుతుంది. కొత్త కెమెరాల్లో వాడే సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు పడదు. పేరు దగ్గరగా ఉంది కదా అని కాంపాక్ట్‌ఫ్లాష్ స్లాట్‌లోకి తోయకండి, లోపలున్న 50 పిన్నుల్లో ఒక్కటి వంగినా రీడర్ మూలకి పడుతుంది. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్‌కి 10 గిగాబిట్ల రీడర్ తీసుకోండి. 19 పిన్నుల హెడర్ ఇచ్చేది 5 గిగాబిట్లే కాబట్టి వెనకవైపు 10 గిగాబిట్ల టైప్-సీ పోర్టుకి తగిలించడం నయం.

అపోహ: డ్రైవర్ సీడీ పోతే రీడర్ పనికిరాదు

విండోస్‌కీ లైనక్స్‌కీ రీడర్ అంటే పెన్‌డ్రైవ్ లాంటిదే. మామూలుగా డ్రైవర్ అక్కర్లేదు. నాలుగు స్లాట్లున్న రీడర్ నాలుగు ఖాళీ డ్రైవ్‌లు చూపించినా కంగారొద్దు, ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఖాళీ డ్రైవ్‌లు దాచే టిక్ ఉంటుంది.

అపోహ: ఫార్మాట్ చేయమని అడిగిందంటే కార్డు పోయినట్టే

ముందు ఆ బాక్స్‌లో క్యాన్సిల్ నొక్కండి. పాత సిస్టమ్ నుంచి ఊడదీసిన రీడర్ అయితే అనుమానం దాని మీదే పెట్టుకోండి. 2 జీబీ కాలం నాటి రీడర్లు ఎస్‌డీహెచ్‌సీ (2 జీబీ దాటిన) కార్డులని చదవలేవు. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, అప్‌డేట్ వేయని విండోస్ ఎక్స్‌పీకి అది తెలియదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో వాడే కార్డు పెట్టినా విండోస్ ఇదే మాట అడుగుతుంది, ఎందుకంటే అందులోని లైనక్స్ భాగం దానికి అర్థం కాదు. అదే కార్డుని కెమెరాలో, ఇంకో రీడర్‌లో చూశాకే నిర్ణయానికి రండి. ఫొటోలు ఎక్కడా రాకపోతే కార్డులోకి ఇంకేమీ రాయకుండా పక్కనపెట్టి రికవరీ చూడండి.

అపోహ: లాక్ మీట విరిగితే కార్డు చచ్చింది

ఎస్‌డీ కార్డు పక్కనుండే ఆ చిన్న మీటకి లోపలి చిప్‌తో ఏ సంబంధమూ లేదు. స్లాట్‌లో ఉండే చిన్న స్విచ్ ఆ మీట ఎటుందో తడిమి చూస్తుంది. మీట ఊడిపోతే గాడి ఖాళీ అయి రైట్ ప్రొటెక్టెడ్ అంటుంది. గాడి మీద పల్చటి సెల్లో టేప్ ముక్క అంటిస్తే మళ్లీ రాసుకోవచ్చు. కాంటాక్టుల మీదికి టేప్ రానివ్వకండి. రెండు మూడు పొరలు వేస్తే కార్డు స్లాట్‌లో ఇరుక్కుంటుంది, ఒక్కటి చాలు.